కాలేజీ ఉమెన్స్ సాకర్ హెడ్ కోచ్ అవ్వాలంటే దారి ఎలా ఉంటుంది?

ఫ్రిస్కో_మామయ్య
మా అక్క కూతురు ఒహాయోలో డివిజన్ 3 (కాలేజీ ఆటల్లో కింది స్థాయి) కాలేజీకి సెంటర్ మిడ్‌ఫీల్డ్ ఆడుతోంది. వచ్చే మేలో డిగ్రీ అయిపోతుంది, కైనిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం). ఉద్యోగం మాటెత్తితే "కోచింగ్‌లోకే వెళ్తాను, ఎప్పటికైనా డివిజన్ 1 ఉమెన్స్ టీమ్‌కి హెడ్ కోచ్ అవుతాను" అంటోంది, అంటే అన్నిటికంటే పై స్థాయిలో. అక్కాబావలకి కంగారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా ఎదుగుతారు, ఉద్యోగం నిలకడగా ఉంటుందా? "ఇష్టం ఉంటే చాలు" లాంటి మాటలు కాకుండా లోపలి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి.

హాఫ్‌టైమ్
డివిజన్ 3లో ఆడిందని వెనకబడినట్టేం కాదు. మంచి ప్లేయర్ అయితే మొదటి ఇంటర్వ్యూ దాకా పేరు పనికొస్తుంది, అంతే. తర్వాత అడిగేది ఎవర్ని రిక్రూట్ చేయగలవు (హైస్కూల్ నుంచి జట్టులోకి తేగలవు), వీడియో కోయగలవా, ప్రయాణాల ఏర్పాట్లు చూసుకోగలవా అనే.

టార్‌హీల్_రాలీ
మెట్లు ఇలా ఉంటాయి. డిగ్రీ అవగానే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్: మాస్టర్స్ ఫీజు మాఫీ, పైన చిన్న స్టైపెండ్. లేదా చిన్న కాలేజీలో పార్ట్‌టైమ్ అసిస్టెంట్, సాయంత్రాలు క్లబ్ టీమ్ కోచింగ్‌తో ఇల్లు గడుపుకోవడం. ఒకప్పుడు డివిజన్ 1లో "వాలంటీర్ అసిస్టెంట్" అని జీతం లేని పోస్టు ఉండేది. 2023 జులైలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఆ కేటగిరీని ఎత్తేసింది కాబట్టి ఇప్పుడు ఆ కుర్చీకి కూడా జీతం ఇవ్వొచ్చు. ఇస్తారా లేదా అనేది కాలేజీ బడ్జెట్‌ని బట్టి.

ఆ తర్వాత ఫుల్‌టైమ్ అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్. అక్కణ్నుంచి రెండు దార్లు. చిన్న కాలేజీలో హెడ్ కోచ్‌గా వెళ్లి గెలిచి పైకి రావడం ఒకటి. పెద్ద ప్రోగ్రామ్‌లో అసోసియేట్‌గా ఉండి నేరుగా పెద్ద ప్రోగ్రామ్‌కి దూకడం రెండోది. మార్గరీట్ అవోజాసా రెండో దారిలో వచ్చారు. స్టాన్‌ఫర్డ్‌లో పాల్ రాట్‌క్లిఫ్ దగ్గర పనిచేసి యూసీఎల్‌ఏకి హెడ్ కోచ్‌గా వెళ్లి, 2022లో మొదటి సీజన్‌లోనే జాతీయ టైటిల్ కొట్టారు. బెకీ బర్లీది మొదటి దారి. బెరీ కాలేజీలో ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల విడి సంఘం) టైటిళ్లు గెలిచి, 1995లో ఫ్లోరిడాలో కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టి, 1998లో ఫైనల్లో నార్త్ కరోలైనాని 1-0తో ఓడించారు.

వింగ్‌బ్యాక్_సుధ
నార్త్ కరోలైనా అనగానే అన్సన్ డోరెన్స్ పేరు తీయకపోతే ఎలా. ఆయన పుట్టింది మన బొంబాయిలో, 1951లో. 1977లో లా చదువుతుండగానే మెన్స్ టీమ్ చేతికిచ్చారు, 1979లో ఉమెన్స్ టీమ్ మొదలైంది. 2024 ఆగస్టులో సీజన్ గుమ్మంలో ఉండగా రిటైరయ్యే నాటికి 21 ఎన్‌సీఏఏ టైటిళ్లు, 1981 ఏఐఏడబ్ల్యూ (అంతకుముందు ఆడవాళ్ల కాలేజీ ఆటల్ని నడిపిన సంఘం) టైటిల్ అదనం. మధ్యలో 1991 ప్రపంచకప్ కూడా అమెరికాకి ఆయనే గెలిపించారు. ఆయన వెళ్లగానే తాత్కాలికంగా కూర్చున్న డేమన్ నాహాస్ అదే సీజన్‌లో టైటిల్ గెలిచి పక్కా హెడ్ కోచ్ అయ్యారు.

టార్‌హీల్_రాలీ
సుధ గారూ, నిజమే. కానీ ఆ అమ్మాయికి డోరెన్స్ కెరీర్‌ని నమూనాగా చూపించకండి. ఆయన మొదలుపెట్టినప్పుడు ఉమెన్స్ టీమ్‌లే వేళ్ల మీద లెక్కపెట్టేవి. 1982 మొదటి ఎన్‌సీఏఏ టోర్నీలో 12 జట్లు, ఇప్పుడు 64. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ప్రాక్టీస్ పద్ధతి. "కాంపిటిటివ్ కాల్డ్రన్" అంటారు. బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీస్‌లో ప్రతిదీ రాయించడం చూసి తెచ్చుకున్నారు. ఒకరిమీద ఒకరు ఆడే డ్యుయెల్స్, స్ప్రింట్లు, షూటింగ్, చిన్న సైడ్ గేమ్స్, అన్నిటికీ గెలుపోటములు రాస్తారు, ర్యాంకులు బోర్డు మీద పెడతారు. ఎవరు ఎందుకు బెంచ్ మీద ఉన్నారో కోచ్ నోరు విప్పకుండానే తెలిసిపోతుంది.

కొలంబస్_కిరణ్
ఆ బోర్డు పద్ధతిని అందరూ కాపీ కొట్టారు, చాలామందికి అచ్చిరాలేదు. కారణం: స్కోర్లు రాయడానికి ఇద్దరు ముగ్గురు మేనేజర్లు కావాలి. చిన్న కాలేజీలో ఉండేది హెడ్ కోచ్, ఒక అసిస్టెంట్. అసిస్టెంట్ రాసుకుంటూ కూర్చుంటే గోల్‌కీపర్లకి షాట్లు ఎవరు కొడతారు? వారంలో ఒక్కరోజు, ఒకటి రెండు డ్రిల్స్‌కే రాస్తే సరిపోతుంది. అది కూడా పొజిషన్ వారీగా విడదీయాలి. సెంటర్ బ్యాక్‌నీ వింగర్‌నీ ఒకే స్ప్రింట్ పట్టికలో పెడితే ఏం లాభం?

ఫ్రిస్కో_మామయ్య
ఇవన్నీ బాగున్నాయి. హెడ్ కోచ్ రోజంతా గ్రౌండ్‌లోనే ఉంటారనుకున్నాం ఇంట్లో. అంతేగా?

హాఫ్‌టైమ్
కాదండీ. గ్రౌండ్ మీద గడిపేది తక్కువ. రూల్సే అంత. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదు, వారంలో ఒకరోజు పూర్తి సెలవు. మ్యాచ్ ఎంతసేపు జరిగినా 3 గంటల కింద లెక్క. గురువారం, ఆదివారం రెండు మ్యాచ్‌లంటే 6 పోయాయి. మిగిలిన 14 గంటల్లోనే ప్రాక్టీస్, వెయిట్స్, వీడియో. సీజన్ లేనప్పుడు వారానికి మొత్తం 8 గంటలే.

కొలంబస్_కిరణ్
+1. ఆ వారం ఎలా సర్దుతారంటే: గురువారం ఆడినవాళ్లకి శుక్రవారం రికవరీ, ఆడనివాళ్లకి గట్టి ట్రైనింగ్. శనివారం కార్నర్లు, ఫ్రీకిక్‌లు నడక వేగంలో. ఆదివారం మ్యాచ్. సోమవారం సెలవు. మంగళవారం ఒక్కటే నిజంగా ఒళ్లు వంచే రోజు. బుధవారం ప్రత్యర్థికి తగ్గ షేప్, అంటే జట్టు అమరిక. అంటే ఏదైనా కొత్తగా నేర్పాలంటే వారంలో చేతికొచ్చేది మంగళవారం ఒక్కటే. బయటి మ్యాచ్ అయితే ప్రయాణం రోజుని సెలవు కింద చూపించొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. కానీ బస్సులో ఏడు గంటలు కూర్చున్న కాళ్లకి అది విశ్రాంతి కాదు. అనుభవం లేని కోచ్‌లు దొరికిపోయేది ఇక్కడే. అక్టోబరు వచ్చేసరికి తొడ కండరాల గాయాలు వరస కడతాయి.

బే_ఏరియా_శ్రీను
అసలు పని రిక్రూటింగ్. మిగతాదంతా దాని తర్వాతే. శని ఆదివారాలు ఈసీఎన్‌ఎల్, గర్ల్స్ అకాడమీ అనే అమ్మాయిల క్లబ్ లీగుల టోర్నమెంట్ల చుట్టూ తిరగడం. పదో తరగతి తర్వాత వచ్చే జూన్ 15 దాకా అమ్మాయితో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఆడుతుంటే చూడొచ్చు, క్యాంప్ కరపత్రం పంపొచ్చు. ఆ అర్ధరాత్రి 12 దాటగానే ఫోన్లు మోగడం మొదలు. అఫిషియల్ విజిట్లు (కాలేజీ ఖర్చుతో క్యాంపస్ చూడ్డానికి రావడం) ఆగస్టు 1 నుంచి.

ఈ రూల్ ఊరికే రాలేదు. అంతకుముందు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కూడా నోటిమాటగా కమిట్ అయిపోయేవాళ్లు. ఒలీవియా మోల్ట్రీ 11 ఏళ్లకే నార్త్ కరోలైనాకి మాటిచ్చింది. చివరికి కాలేజీ మెట్లే ఎక్కకుండా ప్రొఫెషనల్ అయిపోయింది.

వింగ్‌బ్యాక్_సుధ
శ్రీను, రిక్రూటింగ్ తర్వాతే అంతా అంటే ఒప్పుకోను. మంచి ప్లేయర్లని పోగేసి మ్యాచ్ చేజార్చుకునే కోచ్‌లు బోలెడు. కాలేజీ ఆటకి తనదైన లెక్కలున్నాయి. సబ్‌స్టిట్యూషన్ చూడు: ఫస్టాఫ్‌లో బయటికొచ్చిన అమ్మాయి మళ్లీ ఆ హాఫ్‌లో రాకూడదు, సెకండాఫ్‌లో ఒక్కసారి తిరిగి రావచ్చు. ఫస్టాఫ్ 25వ నిమిషంలో ముందు వరుసని మార్చేశావంటే హాఫ్‌టైమ్ దాకా వాళ్లు నీకు లేరు. నార్త్ కరోలైనా ఏళ్ల తరబడి ముగ్గురు ఫార్వర్డ్‌లతో ఎడతెగని ప్రెస్ (బంతి ఉన్న ప్రత్యర్థి మీద పడి ఒత్తిడి పెట్టడం) ఆడగలిగింది దేనివల్ల? రెండో వరుసని కూడా మొదటి వరుసంత గట్టిగా తయారు చేసుకోవడం వల్ల. దానికి రిక్రూటింగూ కావాలి, ఎవర్ని ఎప్పుడు లేపాలో తెలిసిన చెయ్యీ కావాలి.

బే_ఏరియా_శ్రీను
రెండో వరుసని తెచ్చింది రిక్రూటింగే కదా అక్కా 🙂

వింగ్‌బ్యాక్_సుధ
తెచ్చాక ప్రతి ఆటలో 30 నిమిషాలే దొరికినా జట్టు వదిలిపోకుండా ఆపింది కోచింగే తమ్ముడూ 🙂

గడియారం సంగతి కూడా వినండి. కాలేజీలో స్టేడియం గడియారం కిందికి దిగుతుంది, సున్నా కొడితే అయిపోయినట్టే. రిఫరీ మనసులో ఉండే ఇంజరీ టైమ్ ఉండదు. 2022 ఫైనల్లో యూసీఎల్‌ఏ 0-2 వెనకబడి, 16 సెకన్లుండగా కార్నర్ మీద హెడర్‌తో సమం చేసి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో గెలిచింది. ఎన్ని సెకన్లున్నాయో అందరికీ కనిపిస్తున్నప్పుడు ఆఖరి కార్నర్‌కి ఎంతమందిని బాక్స్‌లోకి పంపాలి, గోల్‌కీపర్ ఎక్కడుండాలి అనేవి ముందే రిహార్సల్ చేసి ఉండాలి. అదే ఏడాది నుంచి రెగ్యులర్ సీజన్‌లో ఎక్స్‌ట్రా టైమ్ తీసేశారు, గోల్డెన్ గోల్ (ఎక్స్‌ట్రా టైమ్‌లో మొదటి గోల్‌తోనే గెలుపు) పూర్తిగా పోయింది. దాంతో డ్రా కోసం ఆడే జట్లు పెరిగాయి, చివరి పది నిమిషాల ప్లాన్ విలువ కూడా పెరిగింది.

గోల్‌కిక్
డబ్బు లెక్కల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. హెడ్ కోచ్ ఉద్యోగంలో సగం అకౌంట్సే.

2025 దాకా డివిజన్ 1 ఉమెన్స్ సాకర్‌కి 14 స్కాలర్‌షిప్పులు. కానీ అవి ముక్కలు చేసుకునే రకం. 14 పూర్తి స్కాలర్‌షిప్పుల విలువని పాతిక ముప్ఫై మందికి పంచాలి. ఒకరికి 80 శాతం, ఒకరికి 25, కొందరికి పుస్తకాల ఖర్చు. స్టేట్ యూనివర్సిటీలో సొంత రాష్ట్రం అమ్మాయికి ఫీజు తక్కువ కాబట్టి అదే 50 శాతం తక్కువ డబ్బుతో అయిపోతుంది. మార్కులున్న అమ్మాయికి అకడమిక్ ఎయిడ్ కలిస్తే కోచ్ జేబు ఇంకా మిగులుతుంది. అందుకే సమానమైన ఇద్దరిలో జీపీఏ ఎక్కువున్న అమ్మాయికే మొదటి ఫోన్ వెళ్లేది.

2025 జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్‌కి (కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చన్న కేసు రాజీకి) కోర్టు ఆమోదం వచ్చింది. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్ పరిమితి పోయింది, దాని బదులు రోస్టర్, అంటే జట్టు జాబితా, 28 మందికి మించకూడదు. వినడానికి 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చన్నట్టుంటుంది. డబ్బెక్కడిది? మొదటి ఏడాది ఒక్కో కాలేజీ ఆటగాళ్లకి పంచగలిగేది గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్లు, అందులో పెద్ద వాటా అమెరికన్ ఫుట్‌బాల్‌కి, మెన్స్ బాస్కెట్‌బాల్‌కి పోతుంది. సాకర్ కోచ్ పూర్వ విద్యార్థుల దగ్గరికి వెళ్లి విరాళాలు అడగాల్సిందే. ఇంటర్వ్యూలో "నిధులు ఎలా సేకరిస్తారు" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

హాఫ్‌టైమ్
28 అనేది చూడ్డానికి పెద్ద సంఖ్యే. ముగ్గురు గోల్‌కీపర్లు తీసెయ్యండి, 25. మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగి సీజన్ మొత్తం పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం ఉమెన్స్ సాకర్‌లో మామూలే, 22. ప్రాక్టీస్‌లో పదకొండుకి పదకొండు పెట్టాలంటే కీపర్లు కాక 20 మంది కావాలి, ఇంకో ముగ్గురికి జ్వరమొస్తే లేదు. అందుకని ఏటా ఏడుగురు ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది వాళ్లు) అనే పాత లెక్క పోయింది. నలుగురైదుగురు హైస్కూల్ నుంచి, మిగతావి పోర్టల్ కోసం ఖాళీగా ఉంచుతున్నారు.

ఫ్రిస్కో_మామయ్య
పోర్టల్ అంటే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడమేనా? దానివల్ల కోచ్ ఉద్యోగానికి ఏం?

బే_ఏరియా_శ్రీను
అవును సార్. 2018 అక్టోబరులో మొదలైంది. ఇప్పుడు మారిన అమ్మాయి చదువులో వెనకబడకపోతే ఏడాది కూర్చోనక్కర్లేదు, వెంటనే ఆడొచ్చు. హెడ్ కోచ్ మారితే ఆ జట్టు వాళ్లకి పోర్టల్ విడిగా తెరుస్తారు. కొత్త హెడ్ కోచ్‌కి మొదటి నెల సాకర్ పనే ఉండదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "నువ్వు నాకు ఈ పొజిషన్‌లో కావాలి" లేదా "నీకు ఇక్కడ నిమిషాలు దొరకవు" అని తేల్చి చెప్పాలి. నసిగితే ఇద్దరూ పోతారు, కావలసిన అమ్మాయీ, అక్కర్లేని అమ్మాయీ.

డి3_పద్మ
అందరూ డివిజన్ 1 గురించే చెబుతున్నారు. ఆ అమ్మాయికి తెలిసిన లోకం డివిజన్ 3, అక్కడే హెడ్ కోచ్ కుర్చీ త్వరగా దొరుకుతుంది. కానీ అక్కడి లెక్క వేరు. ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. చిన్న ప్రైవేటు కాలేజీల్లో అడ్మిషన్లు తగ్గుతున్నాయి కాబట్టి యాజమాన్యం కోచ్‌కి పెట్టే టార్గెట్ గెలుపులు కాదు, తలలు. "రోస్టర్‌లో 32 మంది ఉండాలి" అంటారు, ఎందుకంటే ప్రతి అమ్మాయీ ఫీజు కట్టే విద్యార్థే. 32 మందికి నిమిషాలు పంచలేక, రిజర్వ్ మ్యాచ్‌లు పెట్టడానికి బడ్జెట్ లేక కోచ్ సతమతమవుతారు. పైగా చాలాచోట్ల రెండో పని కూడా అంటగడతారు: ఫిజికల్ ఎడ్యుకేషన్ క్లాసో, గ్రౌండ్ షెడ్యూలింగో, ఇంకో ఆటకి అసిస్టెంటో. ఆఫర్ లెటర్‌లో "అదర్ డ్యూటీస్ యాజ్ అసైన్డ్" అన్న లైన్ పక్కన ఎన్ని గంటలో రాయించుకోమనండి.

ఇంకొకటి, డివిజన్ 3 నుంచి పెద్ద పేరు రాదనుకోవద్దు. జూలియాన్ సిచ్ యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో ఉమెన్స్ టీమ్‌కి అసిస్టెంట్‌గా చేసి, అక్కడే మెన్స్ టీమ్‌కి హెడ్ కోచ్ అయ్యి, 2022లో జాతీయ టైటిల్ గెలిచారు. మెన్స్ సాకర్‌లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన మొదటి మహిళా కోచ్ ఆవిడే.

కొలంబస్_కిరణ్
పద్మ గారి మాటకి తోడు: 1972లో టైటిల్ 9 (చదువులో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదన్న చట్టం) వచ్చేనాటికి ఉమెన్స్ టీమ్‌లకి కోచ్‌ల్లో 90 శాతం పైన ఆడవాళ్లే. జీతాలు పెరిగేకొద్దీ మగవాళ్లు వచ్చి చేరారు. సాకర్‌లో ఇప్పుడు మహిళా హెడ్ కోచ్‌లు సగానికి చాలా తక్కువ. అసిస్టెంట్ పోస్టులకి మాత్రం ఆడవాళ్లనే వెతుకుతారు. అమ్మాయి జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. రిక్రూట్ల తల్లిదండ్రులకి క్యాంపస్ చూపించడం, టీమ్ డిన్నర్లు, పిల్లల బాధలు వినడం, ఇవే అప్పజెప్పి ఉంచేస్తారు. పదేళ్లు గడిచాక రెజ్యూమేలో డిఫెన్స్‌ని తానే నడిపానని, సెట్‌పీస్‌లు (కార్నర్లు, ఫ్రీకిక్‌లు) తనవని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మొదటి రోజే ఒక విభాగం అడిగి తీసుకోవాలి. సెట్‌పీస్‌లు అడగడం మంచిది, ఎన్ని గోల్స్ వచ్చాయో లెక్క చూపించొచ్చు.

వింగ్‌బ్యాక్_సుధ
ఇది నూటికి నూరుపాళ్లు నిజం, కిరణ్.

సికింద్రాబాద్_లెఫ్ట్‌ఫుట్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఏఐఎఫ్‌ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి లైసెన్స్ ఉన్న మా స్టూడెంట్ ఒకమ్మాయి అమెరికాలో మాస్టర్స్‌కి అప్లై చేస్తోంది. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉమెన్స్ సాకర్‌లో చేరొచ్చా?

టార్‌హీల్_రాలీ
చేరొచ్చు, కాకపోతే ఒక చిక్కు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. 20 గంటల పరిమితి ప్లేయర్లకీ ఉంది కానీ కోచ్ పని అక్కడితో ఆగదు. బయటి మ్యాచ్ ప్రయాణాలతో సెప్టెంబరులో 50 గంటలు తేలిగ్గా దాటుతుంది. చేరేముందే హెడ్ కోచ్‌తోనూ ఇంటర్నేషనల్ ఆఫీస్‌తోనూ గంటల సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మాస్టర్స్ స్పోర్ట్ మేనేజ్‌మెంట్ లాంటిదైతే ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) కోచింగ్ పనికి సరిపోతుంది. తర్వాత హెచ్-1బీకి యూనివర్సిటీలు లాటరీ అక్కర్లేని కోవలోకి వస్తాయి, ఐటీ వాళ్లకి లేని వెసులుబాటు అది. మన లైసెన్స్‌ని మాత్రం ఇక్కడ పెద్దగా పట్టించుకోరు. యూఎస్ సాకర్ మెట్లు డి, సి, బి, ఎ. డి నుంచి మళ్లీ చేయడానికి సిద్ధపడి రమ్మనండి.

సికింద్రాబాద్_లెఫ్ట్‌ఫుట్
గంటల సంగతి అస్సలు తట్టలేదు. థాంక్స్ అన్నా.

ఫ్రిస్కో_మామయ్య
ఉద్యోగ నిలకడ గురించి కొంచెం చెప్పండి. అక్క మళ్లీ మళ్లీ అడిగేది అదే.

గోల్‌కిక్
నిలకడ మనిషిని బట్టీ, అథ్లెటిక్ డైరెక్టర్‌ని (కాలేజీ ఆటల విభాగం పెద్దని) బట్టీ. ఒకేచోట ఉన్నవాళ్లున్నారు: శాంటా క్లారాలో జెర్రీ స్మిత్ 1987 నుంచి, వెస్ట్ వర్జీనియాలో నిక్కీ ఇజో-బ్రౌన్ 1996లో ప్రోగ్రామ్ పుట్టినప్పటి నుంచి. కానీ కొత్త అథ్లెటిక్ డైరెక్టర్ వస్తే పాత కోచ్ కాంట్రాక్టుకి గండం. పెద్ద కాన్ఫరెన్సుల్లో (ఒకరితో ఒకరు ఆడే కాలేజీల లీగుల్లో) జీతం లక్ష డాలర్ల పైమాటే, కాబట్టి ఎన్‌సీఏఏ టోర్నీకి వెళ్లకపోతే మూడు నాలుగేళ్లకి మించి ఓపిక పట్టరు. స్టేట్ యూనివర్సిటీల కాంట్రాక్టులు పబ్లిక్ రికార్డు, అడిగి చదవొచ్చు. చూడాల్సినవి: తీసేస్తే ఎంత ఇస్తారు, తానే వెళ్లిపోతే ఎంత కట్టాలి, టోర్నీకి వెళ్తే బోనస్, సమ్మర్ క్యాంపుల ఆదాయం ఎవరిది. ఈ చివరిది ముఖ్యం. చాలాచోట్ల అసిస్టెంట్ల జీతానికి ఊతం క్యాంపులే.

టోర్నీకి వెళ్లడం కూడా కొంత షెడ్యూల్ విద్య. 64లో సుమారు సగం కాన్ఫరెన్స్ చాంపియన్లకి పోతాయి, మిగతావి కమిటీ ఎంపిక. వాళ్లు చూసేవాటిలో ఆర్‌పీఐ అనే రేటింగ్ పెద్దది: సొంత గెలుపుల శాతానికి పావు వంతు, ప్రత్యర్థుల గెలుపులకి సగం, వాళ్ల ప్రత్యర్థుల గెలుపులకి పావు. బలహీన జట్లని పిలిచి 6-0తో ఓడిస్తే ఆ సగం పడిపోతుంది. తమ తమ కాన్ఫరెన్సుల్లో ఎలాగూ గెలిచే మధ్యస్థాయి జట్లని ఆగస్టులో పట్టుకోవడం తెలివైన పని.

డి3_పద్మ
అక్కగారితో ఇంకో మాట చెప్పండి. 2022 అక్టోబరులో ఉమెన్స్ ప్రొఫెషనల్ సాకర్‌లో కోచ్‌ల వేధింపుల మీద శాలీ యేట్స్ రిపోర్టు వచ్చాక ప్రొఫెషనల్ లీగ్‌లోనే కాదు, కాలేజీల్లోనూ ఫిర్యాదుల విచారణ బాగా కఠినమైంది. అది మంచిదే. బరువు గురించి, ఒంటి గురించి ప్లేయర్‌తో కోచ్ మాట్లాడకూడదు, డైటీషియన్‌కే వదలాలి. ప్లేయర్‌తో ఒంటరిగా తలుపు వేసుకుని మీటింగ్ వద్దు. ఆడించాలా వద్దా అన్నది అథ్లెటిక్ ట్రైనర్ మాట, కోచ్ ఒత్తిడి చేయకూడదు. ఇవి మొదటి ఉద్యోగం నుంచే అలవాటు కావాలి.

ఫ్రిస్కో_మామయ్య
అమ్మాయికి ఇదంతా పంపించాను, చదివింది. "జనవరిలో యునైటెడ్ సాకర్ కోచెస్ కన్వెన్షన్‌కి (కోచ్‌ల వార్షిక సమావేశానికి) వెళ్లనా, ఈలోపు మెయిల్స్ పెట్టనా" అని అడుగుతోంది.

హాఫ్‌టైమ్
రెండూ. సీజన్ డిసెంబరు మొదట్లో కాలేజ్ కప్‌తో (ఎన్‌సీఏఏ సెమీస్, ఫైనల్‌తో) ముగుస్తుంది, కోచ్‌ల మార్పిడి నవంబరు నుంచే మొదలవుతుంది. కొత్త హెడ్ కోచ్ వచ్చిన వారంలో అసిస్టెంట్ల వేట ఉంటుంది. ప్రకటన వచ్చేదాకా ఆగితే ఆలస్యమే, అప్పటికి పేర్లు రాసుకుని ఉంటారు.

మెయిల్ పది లైన్లు దాటకూడదు. ఏ లైసెన్స్ ఉంది, ఏ వయసు టీమ్‌లని నడిపింది, వీడియో సాఫ్ట్‌వేర్ ఏది వచ్చు, ఎప్పటి నుంచి రాగలదు. జతగా ఆ కాలేజీ ఆడిన ఒక మ్యాచ్ మీద ఒకే పేజీ విశ్లేషణ: వాళ్లు ఇచ్చిన గోల్స్ ఎక్కడ మొదలయ్యాయి, ఏ కార్నర్ రొటీన్ పనిచేసింది. పొగడ్తలు వద్దు.

కొలంబస్_కిరణ్
ఈలోపు డి లైసెన్స్ పూర్తి చేసేయమనండి, ఆడుతూనే చేయొచ్చు. గోల్‌కీపర్ కోచింగ్ డిప్లొమా కూడా ఒకటి చేస్తే మేలు. మిడ్‌ఫీల్డర్లు బోలెడుమంది అప్లై చేస్తారు, కీపర్లకి వార్మప్ ఇవ్వగలిగేవాళ్లు దొరకరు. ఇద్దరే స్టాఫ్ ఉన్న కాలేజీ మొదట చూసేది అదే.

వింగ్‌బ్యాక్_సుధ
మెయిల్ పెట్టే ముందు ఆ కాలేజీ రోస్టర్ పేజీ తెరిచి సీనియర్లు ఎంతమందో, అసిస్టెంట్లు ఎన్నేళ్లుగా ఉన్నారో చూడమనండి. రెండేళ్లకోసారి అసిస్టెంట్లందరూ మారిపోతున్న చోటికి వెళ్లేముందు, అక్కణ్నుంచి బయటికొచ్చినవాళ్లలో ఒకరికి ఫోన్ చేసి తీరాలి.